మన పిల్లల కాళ్ళ సత్తువను ఏడాదికొకసారైనా కొలవండి

సంపాదకులకు నమస్కారం.

మేము విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. నేను బ్యాంకులో పనిచేస్తాను, మాకు ఆరో తరగతి చదివే బాబు ఉన్నాడు. ఈ ఉత్తరం వాడి కాళ్ళ గురించి, వాడిలాంటి మన ఊరి పిల్లలందరి కాళ్ళ గురించి. కాస్త పెద్దదే అయింది. చోటు చాలకపోతే మా ఇంటి సంగతులు కుదించండి గానీ, చివర్లో అడిగింది మాత్రం తీసేయకండి.

దసరా సెలవుల్లో సింహాచలం వెళ్ళాం. ఎప్పుడూ కారులో కొండ మీద దాకా వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చేస్తాం, ఈసారి మా అత్తయ్య గారు కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్ల దారిన నడిచే వెళ్దామన్నారు. ఆవిడకి 64 ఏళ్ళు, ఏటా ఆషాఢంలో గిరి ప్రదక్షిణకి వెళ్ళి 32 కిలోమీటర్లూ నడిచి వచ్చే మనిషి. ఎండెక్కకముందే బయల్దేరాం. మా వాడు మొదట్లో రెండేసి మెట్లు దూకుతూ అందరికన్నా ముందు పోయాడు. నూరు మెట్లు దాటాక ఆగడం మొదలుపెట్టాడు. రెండొందలు దాటేసరికి పక్కన గట్టు మీద కూలబడి "అమ్మా, కాళ్ళు వణుకుతున్నాయి" అన్నాడు. నడవడానికి బద్ధకించి అంటున్నాడేమో అనుకున్నాను. దగ్గరికెళ్ళి తొడ మీద చెయ్యి వేస్తే నిజంగానే కండ అదురుతోంది, నా అరచేతికి తెలుస్తోంది. వెనకాల వస్తున్న అత్తయ్య గారు మా పక్క నుంచే, మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ, అంటే ప్రతి మెట్టుకీ వంగి లేస్తూ, పైకి వెళ్ళిపోయారు.

నాయనమ్మ వంగి లేస్తూ ఎక్కిన మెట్లని 11 ఏళ్ళ మనవడు ఊరికే ఎక్కలేకపోయాడు. వాడు లావుగా ఉండడు, జబ్బుపడ్డ పిల్లాడు కాదు. డాక్టరు గారికి చూపిస్తే రక్తం బాగానే ఉంది, బరువు వయసుకి తగ్గట్టే ఉంది, పిల్లాడు ఆడటం లేదమ్మా, అంతే అన్నారు. ఆ "అంతే" అన్న మాట నాకు అప్పటినుంచీ నిద్రపట్టనివ్వడం లేదు.

ఆ వారంలోనే మా తమ్ముడు జపాన్‌లోని యోకోహామా నుంచి వీడియో కాల్ చేశాడు. వాడి కూతురు అక్కడి ప్రభుత్వ బడిలో ఐదో తరగతి. మా వాడి సంగతి చెబితే తమ్ముడు లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చి చూపించాడు. బడివాళ్ళు పిల్లకి ఇచ్చిన ఫిట్‌నెస్ పరీక్ష కాగితం. చేతి పట్టు, సిటప్స్, కూర్చుని ముందుకి వంగడం, గీతల మధ్య పక్కలకి గెంతడం, 20 మీటర్ల షటిల్ రన్, 50 మీటర్ల పరుగు, నిలబడ్డచోటి నుంచి ముందుకి దూకడం, బంతి విసరడం, మొత్తం ఎనిమిది. ఒక్కోదానికి 10 పాయింట్లు, 80కి ఎన్నొచ్చాయో చూసి ఏ నుంచి ఈ దాకా గ్రేడు. పిల్ల పేరు ఎక్కడా గోడ మీద అంటించరు, ర్యాంకులు చదవరు, ఇంటికి ఒక కాగితం వస్తుంది, అంతే. కిందటేడాది తన కొలతా ఈ ఏడాది కొలతా పక్కపక్కన పెట్టి చూసుకుంటుందట. నిలబడి దూకడంలో మా మేనకోడలు 146 సెంటీమీటర్లు దూకింది. అక్కడ ఆ వయసు పిల్లల సగటు దాదాపు అంతే, మగపిల్లలది ఒకటిన్నర మీటరు దరిదాపుల్లో ఉంటుంది, ఆడపిల్లలది దానికి కొంచెం తక్కువ.

జపాన్‌లో ఈ పరీక్షలు టోక్యో ఒలింపిక్స్ జరిగిన 1964 నుంచీ ఉన్నాయి. 1999లో వాటిని ఇప్పటి రూపానికి మార్చారు. 2008 నుంచి ఐదో తరగతి పిల్లలనీ, మన ఎనిమిదో తరగతి వయసు పిల్లలనీ దేశమంతటా కొలిచి ఫలితాలు బయటపెడుతున్నారు. అక్కడంతా బంగారంలా ఉందని నేను అనడం లేదు. వాళ్ళ పిల్లల సత్తువ 1985 ప్రాంతంలో అన్నిటికన్నా బాగుండేదని, తర్వాత తగ్గిందని వాళ్ళే చెప్పుకుంటారు. కరోనా తర్వాత 2022లో వచ్చిన స్కోర్లయితే 2008 నుంచి అప్పటిదాకా వచ్చిన అన్నిటికన్నా తక్కువ. సెల్‌ఫోన్లూ టీవీల ముందు కూర్చోవడం పెరిగిందని వాళ్ళ ప్రభుత్వమే ఒప్పుకుంది. కానీ తగ్గిన సంగతి వాళ్ళకి తెలుసు. మనకి తెలియదు. తేడా నాకు అక్కడే కనిపించింది.

ఆ ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో నేనే కొలిచాను. సుద్దముక్కతో ఒక గీత గీశాను. రెండు కాళ్ళూ గీత వెనక పెట్టి, మోకాళ్ళు వంచి, చేతులు వెనక్కి ఊపి, ఒకేసారి రెండు కాళ్ళతో ముందుకి దూకాలి. గీత నుంచి వెనకున్న మడమ దాకా కొలవాలి. రెండుసార్లు దూకనిచ్చి ఎక్కువ వచ్చింది రాసుకోవాలి. ఇంట్లో ఉన్న బ్లౌజుల టేపు తీసుకెళ్ళాను, అది 150 దగ్గర అయిపోతుంది, ఎవరైనా అంతకన్నా ఎక్కువ దూకుతారేమోనని వాచ్‌మన్ దగ్గర స్టీలు టేపు అడిగాను. తొమ్మిది మంది పిల్లలు పోగయ్యారు, అందరూ 10, 11, 12 ఏళ్ళవాళ్ళే. మా వాడు 118. మిగతావాళ్ళలో 100 దాటనివాళ్ళు ముగ్గురు. ఒక బాబు దిగేటప్పుడు మోకాళ్ళు ఆపుకోలేక ముందుకి బోర్లా పడి చేతులు గీరుకున్నాడు. దూకడం సంగతి అటుంచండి, దూకి నిలబడటం కూడా రావడం లేదు.

చివర్లో వాచ్‌మన్ కూతురు వచ్చింది. మునిసిపల్ బడిలో ఐదో తరగతి. "ఆంటీ, చెప్పులు తీసి దూకొచ్చా?" అని అడిగింది. 153. స్టీలు టేపు తెచ్చింది మంచిదే అయింది. ఆ పిల్ల రోజూ సాయంత్రం అదే సెల్లార్లో చెల్లెలితో తొక్కుడుబిళ్ళ ఆడుతుంది, బడికి నడిచి వెళ్ళి నడిచి వస్తుంది, నీళ్ళ బకెట్లు పైకి మోస్తుంది. ఆ పిల్ల మోసే బకెట్లని నేను గొప్పగా చెప్పడం లేదు, ఆ వయసులో అంత పని చేయాల్సి రావడం మంచి విషయం కాదు. కానీ ఒంటికాలి మీద గళ్ళు దూకే ఆట ఆ కాళ్ళకి ఏం చేసిందో నా కళ్ళతో చూశాను.

ఇక ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతున్నాను. ఇది ఇవాళ్టి గొడవ కాదు. 1950లలో హాన్స్ క్రౌస్ అనే డాక్టరు, రూత్ హిర్ష్‌లాండ్ అనే ఆవిడ కలిసి అమెరికా పిల్లలకీ, ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్ పిల్లలకీ ఒకే రకం పరీక్ష పెట్టారు. ఆరు చిన్న చిన్న కదలికలు, ఒక్కటి తప్పినా తప్పినట్టే. అమెరికా పిల్లల్లో నూటికి దాదాపు 58 మంది తప్పారు, యూరప్ పిల్లల్లో నూటికి 9 మంది కూడా తప్పలేదు. కార్లు, టీవీలు అందరికన్నా ముందు ఇంటింటికీ చేరిన దేశం అమెరికా. ఈ సంగతి 1955లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ దాకా వెళ్ళింది, 1956లో ఆయన పిల్లల ఫిట్‌నెస్ కోసం ప్రత్యేకంగా ఒక కౌన్సిల్ పెట్టాడు. నిజం చెప్పాలంటే ఆ పరీక్షలో అమెరికా పిల్లలు ఎక్కువగా తప్పింది మోకాళ్ళు వంచకుండా వంగి నేలని అందుకోవడం దగ్గర. దాన్ని మొత్తం బలానికి కొలతగా చూడటం సరికాదని తర్వాత చాలామంది అన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా ఒక దేశాధ్యక్షుడు పిల్లల ఒంటి సత్తువ గురించి కంగారుపడ్డాడంటే, అది ఎవరో ఒకరు కొలిచి చేతిలో పెట్టబట్టే.

2016లో వచ్చిన ఇంకో లెక్క నన్ను మరీ ఆలోచింపజేసింది. 50 దేశాలకి చెందిన 11 లక్షల మందికి పైగా పిల్లల షటిల్ రన్ ఫలితాలని ఒకచోట చేర్చి చూశారు. 20 మీటర్ల దూరంలో రెండు గీతలు, బీప్ వినపడేలోగా ఇటు నుంచి అటు చేరాలి, బీప్‌ల మధ్య సమయం తగ్గుతూ పోతుంది, ఎవరు ఎంతసేపు నిలబడతారో చూస్తారు. అందులో మొదటి స్థానం ఎవరిదో తెలుసా? టాంజానియా. తర్వాత ఐస్‌లాండ్, ఎస్టోనియా, నార్వే, జపాన్. అమెరికా 47, మెక్సికో ఆఖరు. డబ్బున్న దేశం పైన, లేని దేశం కింద అన్న లెక్క లేదు. ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య తేడా ఎక్కువున్న దేశాల్లో పిల్లల ఫిట్‌నెస్ తక్కువగా ఉందని అందులో తేలింది. ఇది చదివినప్పుడు నాకు మా ఊరే కళ్ళముందు మెదిలింది. ఒక పక్క స్విమ్మింగ్ పూల్, టెన్నిస్ కోర్టు ఉన్న స్కూళ్ళు, ఇంకో పక్క ఒక బిల్డింగులో మూడు అంతస్తులు అద్దెకి తీసుకుని నడిపే స్కూళ్ళు.

కాళ్ళ సత్తువ మాటకొస్తే, నిలబడి దూకే కొలతలని 1960 నుంచి 2017 దాకా 29 దేశాల్లో కోటి మందికి పైగా పిల్లల మీద కూడబెట్టిన లెక్క ఉంది. మొదటి దశాబ్దాల్లో పిల్లలు ఏడాదికేడాది ఎక్కువ దూరం దూకుతూ వచ్చారు, తర్వాత ఆ పెరుగుదల నెమ్మదించింది, ఈమధ్య వెనక్కి తిరిగింది. పిల్లల ఎత్తు పెరిగింది, తిండి పెరిగింది, దూకే దూరం మాత్రం తగ్గుతోంది.

దేశాల మధ్య ఇలా పోల్చడంలో చిక్కులున్నాయని నాకు తెలుసు. పొడుగు కాళ్ళ పిల్లాడు ఎక్కువ దూరం దూకుతాడు. సిమెంటు నేల మీద దూకడం వేరు, మట్టిలో వేరు. ఎవరెలా కొలిచారన్నదీ ఉంటుంది. అందుకే మా వాడి 118ని జపాన్ పిల్లల సగటు పక్కన పెట్టి వాడిని నేను ఒక్క మాట అనలేదు. వాడి 118ని వాడి వచ్చే ఏటి కొలతతో పోల్చాలి. దేశాలని చూసి నేర్చుకోవాల్సింది ఎవరు గెలిచారని కాదు, వాళ్ళు పిల్లల రోజుని ఎలా గడపనిస్తున్నారన్నది.

స్లోవేనియా అని యూరప్‌లో ఒక చిన్న దేశం ఉంది. జనాభా 21 లక్షలు, అంటే దాదాపు మన విశాఖ నగరమంత. అక్కడ 1987 నుంచీ దేశంలోని బడులన్నిటిలో ప్రతి ఏప్రిల్ నెలలో పిల్లల్ని కొలుస్తారు. నిలబడి దూకడం, 60 మీటర్లు, 600 మీటర్లు, ఒక అడ్డంకుల దారిలో కాళ్ళూ చేతులతో వెనక్కి పాకడం, ఇలా ఎనిమిది. ఒక పిల్లాడు బడిలో చేరినప్పటి నుంచి బయటికొచ్చేదాకా ఏ ఏడు ఎంత దూకాడో కాగితం మీద ఉంటుంది. అందుకే 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పిల్లల సత్తువ ఎంత పడిపోయిందో కొద్ది నెలల్లోనే లెక్కతో సహా చెప్పగలిగారు. మన ఊళ్ళో రెండేళ్ళు పిల్లలు సెల్‌ఫోన్ ముందు క్లాసులు విన్నారు. వాళ్ళ కాళ్ళకి ఏమైందో మన దగ్గర ఎవరైనా చెప్పగలరా?

ఫిన్లాండ్‌లోనూ ఐదో తరగతికీ ఎనిమిదో తరగతికీ ఇలాంటి పరీక్ష ఉంది, అక్కడ నిలబడ్డచోటి నుంచి వరసగా ఐదు అంగలు దూకిస్తారు. స్కాట్లాండ్‌లో స్టర్లింగ్ అనే ఊళ్ళో ఎలెయిన్ వైలీ అనే హెడ్మిస్ట్రెస్ 2012లో తన బడి పిల్లలు ఆయాసపడుతున్నారని చూసి రోజూ 15 నిమిషాలు బయట పరుగెత్తించడం మొదలుపెట్టారు, యూనిఫాం మార్చుకోనక్కర్లేదు, షూ మార్చుకోనక్కర్లేదు, అలాగే బయటికి పంపేయడం. అది ఇప్పుడు చాలా దేశాలకి పాకింది. ఇందులో ఖర్చు ఏముంది చెప్పండి.

చైనా దారి మాత్రం మనకొద్దు. అక్కడ హైస్కూలు ప్రవేశ పరీక్షలో వ్యాయామానికి మార్కులుంటాయి, యున్నాన్ ప్రాంతంలో అయితే లెక్కలతో సమానంగా 100 మార్కులు చేశారు. మన విశాఖలో ఆ పని చేస్తే మర్నాడే ద్వారకానగర్‌లో జంపింగ్ కోచింగ్ సెంటర్ల బోర్డులు వెలుస్తాయి, పిల్లలకి ఇంకో టెన్షన్ తగులుకుంటుంది. మార్కులు వద్దు. కొలత చాలు.

మన దేశం సంగతికొస్తే, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 146 దేశాల పిల్లల లెక్క చెప్పింది. 11 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి గంటసేపు ఒళ్ళు వంచి ఆడాలి, కదలాలి. ప్రపంచం మొత్తం మీద నూటికి 81 మంది అలా కదలడం లేదు. దక్షిణ కొరియాలో 94 మంది. మన దగ్గర 74 మంది దాకా, బంగ్లాదేశ్‌లో 66. చాలా దేశాలకన్నా మనమే నయం. దీనికి కారణం ఏమై ఉంటుందని వాళ్ళు రాశారో తెలుసా? మగపిల్లలు సందుల్లో, ఖాళీ స్థలాల్లో ఆడుకునే క్రికెట్, ఆడపిల్లలు చేసే ఇంటిపని. ఇది చదివి సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. ఆ ఖాళీ స్థలాలు మా కాలనీలో ఇప్పుడు ఎన్ని మిగిలాయి? నేను పెళ్ళై వచ్చినప్పుడు మా వీధి చివర మూడు ఖాళీ ప్లాట్లుండేవి, సాయంత్రమైతే బంతి ఎవరింటి అద్దం పగలగొడుతుందోనని అందరికీ భయం. ఇప్పుడు మూడింటిలోనూ ఐదేసి అంతస్తులు లేచాయి. అద్దాలు భద్రంగా ఉన్నాయి.

కాళ్ళు గట్టిగా లేకపోతే ఏమవుతుంది, చదువు బాగుంటే చాలదా అని మా ఆఫీసులో ఒకరు అడిగారు. స్వీడన్‌లో సైన్యం పరీక్షలకి వచ్చిన 10 లక్షల మందికి పైగా కుర్రాళ్ళ మోకాలి బలాన్నీ చేతి పట్టునీ కొలిచి, తర్వాత 24 ఏళ్ళ పాటు వాళ్ళు ఏమయ్యారో చూశారు. 2012లో ఆ ఫలితం వచ్చింది. పదహారు నుంచి పంతొమ్మిదేళ్ళ వయసులో కండబలం ఎక్కువున్నవాళ్ళు చిన్న వయసులో చనిపోయే ప్రమాదం నూటికి 20 నుంచి 35 వంతులు తక్కువ. మన పిల్లలకి ఇది ఇంకా ముఖ్యం. పూణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారి బృందం మన పుట్టిన పిల్లల్ని ఇంగ్లాండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చి 2003లో రాసింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్ళది 3.5. అయితే మన పిల్లల్లో తక్కువైంది ఎక్కువగా కండ, కొవ్వు పెద్దగా తగ్గలేదు. పుట్టుకతోనే కండ తక్కువ, చూడటానికి సన్నంగా ఉన్నా లోపల కొవ్వు. తిన్న చక్కెరని ఎక్కువగా లాక్కునేది కండ, ఒంట్లో పెద్ద కండలు ఎక్కువగా తొడల్లో, పిరుదుల్లో ఉంటాయి. ఇంటికొక షుగర్ మాత్రల డబ్బా ఉన్న ఊళ్ళో పిల్లల తొడల గురించి మాట్లాడుకోవడం చిన్న విషయం ఎలా అవుతుంది?

మనకి ఇవి తెలియనివీ కావు. బస్కీలు తీయడం మన తాలింఖానాల్లో పుట్టి పెరిగిన విద్య. గుంజీలు వినాయకుడి ముందు తీస్తాం, బడిలో తప్పు చేస్తే తీయించేవారు. ఇప్పుడు అది శిక్షగానే మిగిలింది, అదే నాకు బాధ. ఖోఖో, కబడ్డీ, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ళ, ఏ ఆట చూసినా పిక్కల మీదా తొడల మీదా నడిచేదే. మల్లయోధుడు కోడి రామమూర్తి గారు మన వీరఘట్టం బిడ్డ. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల, బరువులెత్తడం అంటే చేతులకన్నా ముందు కాళ్ళు. 100 మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకన్ల లోపు పూర్తిచేసిన తొలి భారత మహిళ జ్యోతి యర్రాజి మన విశాఖ అమ్మాయి, సెక్యూరిటీ గార్డు కూతురు. మన రక్తంలో లోపం లేదు. మా సెల్లార్లో 153 దూకిన పిల్లని చూశాక అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

లోపం పిల్లల రోజులో ఉంది. మా వాడి బస్సు పొద్దున్న 7.10కి వస్తుంది, ఆరు కిలోమీటర్ల దూరానికి ఊరంతా తిరిగి 50 నిమిషాలు పడుతుంది. సాయంత్రం 5.30కి దిగుతాడు, లిఫ్టులో పైకొస్తాడు, పాలు తాగి ట్యూషన్‌కి వెళ్తాడు. టైమ్‌టేబుల్లో వారానికి రెండు ఆటల పీరియడ్లు రాసి ఉన్నాయి. ఒకటి లెక్కల సార్ తీసుకుంటారు, సిలబస్ అవ్వలేదని. రెండోది పిల్లలు వరండాలో క్యారమ్స్ ఆడుకుంటారు, ఎందుకంటే బడికి గ్రౌండు లేదు. ప్రిన్సిపాల్ గారిని కలిసి అడిగితే, "మేడమ్, మీరే రిజల్ట్స్ అడుగుతారు, మీరే ఆటలు అడుగుతారు" అన్నారు. ఆయన మాటలో కొంత నిజం ఉంది, అడ్మిషన్ అప్పుడు నేనూ గ్రౌండు గురించి అడగలేదు. కానీ విద్యాహక్కు చట్టం 2009లోనే బడికి ఆటస్థలం ఉండాలని రాసింది. రాసి ఇన్నేళ్ళయింది.

జపాన్‌లో బడులు కట్టేటప్పుడే చిన్న పిల్లలకి బడి 4 కిలోమీటర్ల లోపు, పెద్ద పిల్లలకి 6 కిలోమీటర్ల లోపు ఉండాలని నియమం ఉంది. మా మేనకోడలు గుంపుగా నలుగురు పిల్లలతో కలిసి 20 నిమిషాలు నడిచి వెళ్తుంది, వానైనా సరే గొడుగేసుకుని. మా ఇంటికి కిలోమీటరున్నర దూరంలో కూడా ఒక బడి ఉంది. మా వాడిని అక్కడికి నడిపించాలంటే ఇసుకతోట దగ్గర హైవే దాటించాలి, ఫుట్‌పాత్ మీద బళ్ళు, ట్రాన్స్‌ఫార్మర్లు, పార్క్ చేసిన స్కూటర్లు దాటించాలి. ఏ తల్లి పంపుతుంది? పిల్లలు నడవడం లేదని తిట్టే ముందు నడిచే దారి చూపించాలి కదా.

ఇప్పుడు నేను అడిగేది ఇది. బడుల్లో పెట్టే ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలో 9 ఏళ్ళు దాటిన పిల్లలకి 50 మీటర్లు, 600 మీటర్లు, కూర్చుని వంగడం, సిటప్స్ లాంటివి, పుషప్స్ ఉన్నాయి. మంచివే. నిలబడి దూకడం లేదు. క్రీడా పాఠశాలల సెలక్షన్లకి ఇదే స్టాండింగ్ బ్రాడ్ జంప్ పెడతారు, అంటే ఆటగాళ్ళని ఏరుకోవడానికి పనికొస్తుందని తెలుసు, మామూలు పిల్లాడికి మాత్రం పెట్టరు. జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) కమిషనర్ గారూ, జిల్లా విద్యాశాఖాధికారి గారూ కలిసి విశాఖలోని ప్రతి బడిలో, ప్రభుత్వ బడైనా ప్రైవేటు బడైనా, ఐదో తరగతికీ ఎనిమిదో తరగతికీ ఏడాదికొకసారి నిలబడి దూకే ఈ ఒక్క పరీక్ష కొలిపించాలి. ఒక టేపు, ఒక సుద్దముక్క, ఒక పీఈటీ మాస్టారు, 40 మంది పిల్లలున్న క్లాసుకి ఒక గంట. పిల్లల పేర్లు బయటపెట్టకుండా ఏ జోన్లో సగటు ఎంతుందో పేపర్లో వేయాలి. గాజువాక పిల్లలు ఎంత దూకుతున్నారు, మధురవాడ పిల్లలు ఎంత, భీమిలి పిల్లలు ఎంత, మనకి తెలియాలి. గ్రౌండున్న బడి పిల్లలకీ లేని బడి పిల్లలకీ తేడా ఎంతో ఆ అంకెలే చెబుతాయి, అప్పుడు ఆ ప్రిన్సిపాల్ గారితో నేను వాదించనక్కర్లేదు.

ఇంకొకటి. మునిసిపల్ స్కూళ్ళ గ్రౌండ్లని సాయంత్రం 5 నుంచి 7 దాకా చుట్టుపక్కల పిల్లలందరికీ తెరిచి ఉంచండి. గేటుకి తాళం వేసి ఉన్న గ్రౌండు మా ఇంటికి నాలుగు వందల మీటర్ల దూరంలో ఉంది, పిల్లలు ఆ గోడ పక్కనే రోడ్డు మీద క్రికెట్ ఆడుతున్నారు. పొద్దున్నపూట బీచ్ రోడ్డులో పెద్దవాళ్ళ నడకకి వాహనాలు ఆపుతున్నారు, చాలా మంచి పని. పిల్లలకి కూడా రోజుకి రెండు గంటలు ఏదో ఒక తాళం తీయండి.

సెల్లార్లో గీసిన గీత అలాగే ఉంచాం. చెరిగిపోతుంటే పిల్లలే మళ్ళీ గీసుకుంటున్నారు. వాచ్‌మన్ కూతురే అందరికీ తొక్కుడుబిళ్ళ నేర్పింది, ఇప్పుడు సాయంత్రం ట్యూషన్‌కి ముందు అరగంట ఆట. ట్యూషన్ సార్‌తో మాట్లాడి అరగంట వెనక్కి జరిపించాను. సంక్రాంతికి మళ్ళీ కొలిచాం. మా వాడు 131. దిగేటప్పుడు బోర్లా పడ్డ ఆ బాబు 90 నుంచి 109కి వచ్చాడు, ఈసారి పడలేదు. వచ్చే ఆషాఢంలో నాయనమ్మతో గిరి ప్రదక్షిణకి వస్తానని మా వాడు అంటున్నాడు. 32 కిలోమీటర్లు ఇప్పుడే వద్దు, అడవివరం నుంచి హనుమంతవాక దాకా రమ్మన్నాను.

ఇట్లు,
ఒక తల్లి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.